ఇక చేయవలసినదేమియు లేదను మాట



తోటల లైనిండ్లలో పుట్టి పెరిగిన మనవారిలో ఒక మాటను విననివారు అరుదు. ఇంటి పెద్ద యొకరు నెలల తరబడి మంచముపట్టి యుందురు. తోట డ్రెస్సరు చూచి మందిచ్చును, తగ్గదు. పట్టణములోని పెద్దాసుపత్రికి కొనిపోవుదురు. అచ్చట కొన్ని దినములుంచుకొని, నెత్తురు పరీక్షించి, ఎక్సురే పటములు తీసి, కడపట డాక్టరుగారు కొడుకును ప్రక్కకు పిలిచి, "ఇక చేయవలసినదేమియు లేదు, ఇంటికి తీసికొనిపొండు" అని చెప్పుదురు. ఆ మాట పలుకుటకు అరనిమిషము చాలును. కాని యది విన్న తరువాత రోగి యొక మాసము బ్రతుకవచ్చును. ఒక సంవత్సరము బ్రతికినను బ్రతుకవచ్చును. ఆ దినములు గడచు విధము మనకు తెలియనిది కాదు. నడుమనున్నది పలుచని పలకగోడ. రోగి మూలుగు విని ప్రక్క యింటివారును నిదురపోరు. తెల్లవారకముందే లేచి చెట్లు గీయబోవలసిన కొడుకు రాత్రియంతయు తండ్రి కాళ్లొత్తుచు కూర్చుండును.

ఈ వ్యాసము ఆ మాట చరిత్రను గూర్చినది. అది నిజము కాదని నా యభిప్రాయము. అట్లు చెప్పుటకు నీకేమి యధికారమని మీరడుగవచ్చును. అధికారము నాది కాదు. నూరేండ్లకు మించి అనేక దేశములలో మరణించువారి మంచము ప్రక్క కూర్చుండి, చూచినదెల్ల వ్రాసియుంచుకొనిన వారిది. రోగము కుదురకపోవుట వేరు, రోగికి చేయవలసినది లేకపోవుట వేరు అని వారు కనుగొనిరి. ఇది నేడు వినుటకు సులభముగనే యున్నది. కాని వైద్యశాస్త్రము దీనిని నేర్చుకొనుటకు మిక్కిలి కాలము పట్టెను.

మొదట మన తోటాసుపత్రుల సంగతి జ్ఞాపకము చేసికొందము. ఇరువదవ శతాబ్ది యారంభమున మలయాలో రబ్బరు తోటలు వేగముగ వ్యాపించినపుడు, అడవి నరికిన చోట్లనెల్ల చలిజ్వరము విజృంభించి కూలీలు గుంపులుగా చనిపోయిరి. 1901లో క్లాంగు పట్టణమునకు వచ్చిన డాక్టరు మాల్కం వాట్సను, దోమలు పెరుగు నీటిమడుగులను కాలువలు త్రవ్వించి యెండగట్టి, ఎన్నో ప్రాణములు నిలిపెను. తోటల యజమానులు కూలీల వైద్యమునకు ఏర్పాటు చేయవలెనని చట్టములును వచ్చెను. ఆ యాసుపత్రులవలన మేలు కలుగలేదనుట కృతఘ్నత యగును. అయినను అవి యెందుకొఱకు కట్టబడినవో మరువరాదు. పడియున్న కూలిని మరల ఉదయపు హాజరులో నిలువబెట్టుట వాని పని. క్వినీను మ్రింగి లేచినవాడు చెట్టు గీయబోయెను. లేవజాలనివాడు లెక్కలో లేడు. 1907లో ఏర్పడిన కూలీల వలసనిధి, పనికి అశక్తులైనవారిని ఓడయెక్కించి స్వదేశమునకు పంపు ఖర్చును భరించుచుండెను. యౌవనములో వచ్చి వార్ధక్యములో తిరిగిపోయిన ఆ మనుష్యులను, ఊరు చేరినపుడు గుర్తుపట్టువారు ఎందరు మిగిలియుందురో మీరే యూహించుకొనుడు.

ఇది తోటలకు మాత్రమే చెందిన లోపమని తలపకుడు. పందొమ్మిదవ శతాబ్దిలో లండను మహానగరములోని ధర్మాసుపత్రులు సయితము కుదురని రోగము గలవారిని చేర్చుకొనుటకు ఇష్టపడెడివి కావు. దాతలకు చూపుకొనవలసినది కుదిరిన రోగుల సంఖ్య. చనిపోయినవారి సంఖ్య పెరిగినచో ఆసుపత్రికి పేరు చెడును. దొరల దేశములోని బీదవాడును, మన తోటలోని కూలియు, ఈ విషయమున ఒక్క గతినే పొందిరి.

వారిని చేరదీసినవారు మొదట వైద్యులు కారు, స్త్రీలు. ఫ్రాన్సు దేశమున లియాన్ నగరములో ఝాన్ గార్నియే అను యువతి, భర్తను బిడ్డలను పోగొట్టుకొనిన విధవ, 1842లో తనవంటి విధవలను కూడగట్టుకొని, కుదురని రోగముతో మరణించు స్త్రీలకు సేవచేయ నారంభించెను. ఐర్లండులో మేరీ ఐకెన్‌హెడ్ స్థాపించిన కన్యాస్త్రీల సంఘమువారు, ఆమె దీర్ఘకాలము మంచముపట్టి 1858లో కన్నుమూసిన ఇంటినే, 1879లో మరణించు బీదల యాశ్రయముగా మార్చిరి. అది డబ్లిను నగరపు హెరాల్డ్స్ క్రాసులో నున్నది. ఆ సంఘమువారే 1905లో లండనులో కూలినాలి జనము నివసించు హాక్నీ పేటలో సెయింట్ జోసఫ్ పేర మరియొక గృహము తెరచిరి. ఇట్టి గృహములకు హాస్పిస్ అని పేరు. ఆ మాటకు పూర్వకాలమున అర్థము బాటసారులు విశ్రమించు చోటు. మన భాషలో సత్రము. కాశీకి రామేశ్వరమునకు పోవు త్రోవలో పూర్వులు కట్టించిన సత్రములలో వచ్చినవాని కులగోత్రములు తరువాత. ముందు కాళ్లకు నీళ్లు, కడుపునకు అన్నము. ఈ కన్యాస్త్రీల గృహములలోను మొదట జరిగినది అదియే. శుభ్రమైన పడక, వేడి గంజి, ప్రక్కనొక మనిషి. ఇది చాల గొప్పది. కాని నొప్పికి మాత్రము వారియొద్ద తగినంత విద్య లేకుండెను.

నొప్పికి మందు లోకములో లేదా? ఉన్నది, అదియు ఎక్కువగా మన దేశముననే పండుచుండెను. గసగసాల కాయను గీసిన కారు పాలు గట్టిపడినదే నల్లమందు. రబ్బరు చెట్టును గీయు మనకు ఆ పని తీరు విప్పి చెప్పనక్కరలేదు. ఈస్టిండియా కంపెనీవారు బీహారు, కాశీ ప్రాంతముల రైతులచేత దీనిని పండించి, పెట్టెలకెత్తి చీనా దేశమునకు అమ్మించిరి. దీనిని గూర్చియే 1839లోను 1856లోను రెండు యుద్ధములు జరిగెను. మలయా ద్వీపకల్పముననున్న స్ట్రెయిట్సు సెటిల్మెంట్ల ప్రభుత్వమునకు, చీనా కూలీలు కాల్చిన చండూ వలన వచ్చిన రాబడి, కొన్ని యేండ్లలో మొత్తము రాబడిలో సగమునకు దరిదాపుగా నుండెను. అలసిన కూలికి మత్తుగా నమ్ముటకు సరకు కొదువలేదు. మరణించు కూలికి మందుగా నిచ్చుటకు మాత్రము ఎవరికిని తోచలేదు. ఈ రెండు వాక్యములు వ్రాయునపుడు నాకు కోపము వచ్చుచున్నది. చదువరులు క్షమింతురు గాక.

ఆ నల్లమందునుండి సెర్ట్యూర్నర్ అను జర్మను మందులవాని శిష్యుడు 1805 ప్రాంతమున ఒక తెల్లని సారమును వేరుచేసెను. అదియే మార్ఫియా. 1853లో ఎడింబరో వైద్యుడు అలెగ్జాండరు వుడ్డు సూదితో చర్మము క్రింద మందెక్కించు పద్ధతిని వాడుకలోనికి తెచ్చెను. ఆనాటినుండి వైద్యుని సంచిలో నొప్పికి మందున్నది. అయినను రోగులు నొప్పితోనే చనిపోయిరి. ఏలయన, మార్ఫియా యనిన వైద్యులకే భయము. రోగి దానికి అలవాటుపడునని, మోతాదు పెంచుచు పోవలెనని, అది ఊపిరి నాపునని భయపడి, సహింపరానంత బాధ కలిగి రోగి యరచిన పిమ్మటగాని సూది వేసెడివారు కారు. నాలుగు గంటలకు మందుబలము తీరును, మరల అరవవలెను. ఇట్లు రోగి నర్సును బతిమాలుకొనువాడయ్యెను.

ఈ చిక్కును విప్పిన మనిషి సిసిలీ సాండర్సు. ఈమె 1918లో ఇంగ్లండులో కలవారింట పుట్టి, ఆక్సుఫర్డులో చదువుచుండగా రెండవ మహాయుద్ధము వచ్చెను. చదువు విడిచి, లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకొనెను. నడుమునొప్పి వలన ఆ పనికి పనికిరాదనిరి. అంతట ఆసుపత్రిలోనే రోగుల కుటుంబముల కష్టసుఖములు విచారించు ఉద్యోగమున కుదిరెను. నడుమునొప్పిచేత పని పోగొట్టుకొనుట యెట్టిదో మనవారికి తెలియును గనుక ఈ సంగతిని ప్రత్యేకముగ వ్రాయుచున్నాను.

1947లో ఆమెకు డేవిడ్ టాస్మా యను రోగితో పరిచయమయ్యెను. అతడు పోలండు దేశపు వార్సా నగరమునుండి వచ్చిన యూదుడు, లండనులో హోటలు పరిచారకుడు, వయస్సు నలువది. అతనికి కాన్సరు, మన పెద్దలు రాచపుండనెడిది. పరదేశములో భార్యలేదు, బిడ్డలులేరు, బంధువు లేడు. తాను పుట్టినందుకు గుర్తు ఏమియు మిగులదని అతని దుఃఖము. అతడు కడసారి ఆసుపత్రిలో నున్న వారములలో సిసిలీ మరల మరల పోయి ప్రక్కన కూర్చుండెడిది. ఇట్టివారికొఱకు వేరుగ నొక గృహముండిన నెంత బాగుండునని యిద్దరును మాటలాడుకొనెడివారు. 1948 ఫిబ్రవరిలో అతడు చనిపోయెను. తాను కూడబెట్టిన 500 పౌనులు ఆమెకు వ్రాసియిచ్చి, నీవు కట్టబోవు ఇంటిలో నేనొక కిటికీగా నుందునని చెప్పెను. కడలు దాటి వచ్చి, తనవారెవరును దగ్గఱలేక కన్నుమూసిన పనివాడు మన తోటలలోను ఎందరో. డేవిడ్ టాస్మా మనకు పరాయివాడుగా నాకు తోచడు.

అటుపిమ్మట ఆమె సాయంకాలములు సెయింట్ ల్యూక్స్ అను మరణించువారి గృహములో ఉచితముగ పనిచేయుచుండెను. అక్కడి నర్సులు మందును రోగి యడిగినపు డిచ్చెడివారు కారు. నొప్పి రాకముందే, నాలుగేసి గంటలకొకసారి, నోటిద్వారా ఇచ్చెడివారు. ఇది చూచుటకు చిన్న విషయము. కాని యిందులోనే కీలకమున్నది. దీపమును వెలుగనీయవలెనన్న, వత్తి కాలి ఆరిపోయిన పిమ్మట చమురు పోయుదుమా? నొప్పి పూర్తిగ తిరిగి వచ్చిన తరువాత దానిని అణచుటకు పెద్ద మోతాదు కావలెను. పెద్ద మోతాదుచేత రోగి మత్తుగా పడియుండును. మెలకువ వచ్చునప్పటికి మరల నొప్పి. ముందుగనే యిచ్చిన యెడల చిన్న మోతాదు చాలును. రోగి మెలకువతో నుండి, మనుమని తల నిమిరి, తనవారితో మాటలాడును. అన్నిటికంటె మించి, నొప్పి వచ్చునను భయము పోవును. ఆ భయము నొప్పిలో సగము.

నర్సు చెప్పినచో వైద్యులు వినరని ఆమె గ్రహించెను. వైద్యులు మరణించువారిని విడిచిపోవుచున్నారు గనుక నీవే వైద్యురాలవు కమ్మని ఒక శస్త్రవైద్యుడు ఆమెతో ననెను. ముప్పది మూడవ యేట వైద్యకళాశాలలో చేరి 1957లో వైద్యురాలై, మరుసటి యేడు హాక్నీలోని సెయింట్ జోసఫ్ గృహమునకు వచ్చెను. ఆ కన్యాస్త్రీలకు ప్రేమయుండెను. ఈమె గడియారమును, పుస్తకమును తెచ్చెను. ఒక్కొక్క రోగికి ఏ వేళ ఎంత మందిచ్చినది, నొప్పి యెట్లున్నది, నిదుర పట్టినదా, అన్నము తినినదా యని వ్రాసియుంచి, వేయిమందికి పైగా రోగుల వివరములు కూర్చెను. తగిన వేళకు తగిన మోతాదు ఇచ్చినపుడు రోగులు మందునకు బానిసలు కాలేదనియు, మోతాదును అంతులేక పెంచవలసిన పని రాలేదనియు ఆ వ్రాతలు చూపెను. తరువాతి కాలమున రాబర్టు ట్వైక్రాస్ అను వైద్యుడు చేసిన పరిశోధనలును దీనినే బలపరచెను.

ఆ గృహములో ఆమె నొప్పిని గూర్చి యొక స్త్రీని అడిగిన సంగతి వైద్యలోకములో ప్రసిద్ధము. నొప్పి నడుములో మొదలైనది గాని యిప్పుడు నేనంతయు చెడియున్నట్లు తోచుచున్నదని యామె బదులు చెప్పెను. తన భర్తయు కొడుకును ఎంతో మంచివారనియు, తనకొఱకు వారు పని మాని ఇంట నుండవలసివచ్చిన వారి కూలి పోవుననియు, తన గోడు ఎవరికిని తెలియదనియు చెప్పుకొనెను. చదువరులారా, నొప్పి యెక్కడనని యడుగగా కూలి పోవునని చెప్పిన యీ మాట లండనులోనిదో మన లైనిండ్లలోనిదో యెవరు చెప్పగలరు? దేహపు నొప్పి యొక్కటే నొప్పి కాదనియు, డబ్బు దిగులు, బిడ్డల దిగులు, ఏల నాకిట్లయినదను మనోవ్యధ, ఇవన్నియు కలిసి యొకే నొప్పిగా నుండుననియు డాక్టరు సాండర్సు బోధించెను. దానికి సంపూర్ణవేదన యని పేరు పెట్టెను. సూదిమందుతో ఒక భాగమే పోవును. మిగిలినదానికి నర్సు, పొరుగువాడు, మతబోధకుడు, కొన్ని వేళల ఒక బియ్యపు బస్తా కావలెను.

1967లో లండనుకు ఆగ్నేయముననున్న సిడెన్‌హాములో సెయింట్ క్రిస్టఫర్ పేర ఆమె గృహము తెరవబడెను. క్రిస్టఫర్ బాటసారులను కాపాడు భక్తుడుగా తలపబడువాడు. సత్రమునకు తగిన పేరే. డేవిడ్ టాస్మా కిటికీ నేటికిని అందున్నది. ఆ కిటికీ చుట్టు ఇల్లు కట్టుటకు పందొమ్మిది యేండ్లు పట్టెను. రెండేండ్లకే అచ్చటి నర్సులు రోగుల ఇండ్లకు పోయి చూచుట మొదలిడిరి. ఏలయన, అందరును తమ యింటనే యుండగోరుదురు. 1975లో కెనడా దేశపు మాంట్రియల్ నగరములో బాల్ఫర్ మౌంట్ అను వైద్యుడు ఇట్టి సేవకు ఒక పెద్దాసుపత్రి లోపలనే చోటు కల్పించి, దానికి పాలియేటివ్ కేర్ అను పేరు వాడెను. ఆ మాటకు మూలము కప్పుకొను ఉత్తరీయమని చెప్పుదురు. మనవారు ఉపశమన సేవ యందురు. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్సరు నొప్పికి చికిత్స చేయు పద్ధతిని లోకమునకంతకు ప్రకటించెను: సాధ్యమైనంతవరకు నోటిద్వారా ఈయవలెను, గడియారము ననుసరించి ఈయవలెను, చిన్న మందుతో మొదలిడి, చాలనియెడల మెట్టు మెట్టుగా మార్ఫియా వరకు పోవలెను. హాక్నీలో మంచముల ప్రక్క వ్రాసిన పుస్తకము ఇట్లు లోకమెల్ల చేరెను.

చేరెనంటిని, కాని మన భారతదేశమున చేరుటకు పెద్ద అడ్డంకి వచ్చినది. 1986లోనే బొంబాయిలో శాంతి ఆవేదన ఆశ్రమమను మొదటి హాస్పిస్ వెలసెను. అంతకు ముందటి యేడు, 1985లో, మత్తుపదార్థములను అరికట్టుటకు కేంద్రప్రభుత్వము కఠినమైన చట్టము చేసియుండెను. ఉద్దేశము మంచిదే. ఫలమేమనగా, ఒక ఆసుపత్రి మార్ఫియా తెప్పించుకొనవలెనన్న పలు శాఖలనుండి నాలుగైదు అనుమతిపత్రములు పొందవలెను. అవన్నియు ఒక్కసారి గడువులో నుండవలెను. ఒక్కటి తప్పినను జైలు భయము. ఆసుపత్రులు మార్ఫియా నుంచుటయే మానివేసినవి. పండ్రెండేండ్లలో దేశమున దాని వాడుక నూటికి తొంబది పాళ్లకు మించి పడిపోయెను. నల్లమందును చట్టప్రకారము పండించి పరదేశములకు ఎగుమతి చేయుచున్న దేశములోనే కాన్సరు రోగి గుక్కెడు మార్ఫియాకు నోచుకొనలేదు. 2014లో చట్టమును సవరించిరి. ముప్పదియేండ్ల పాటు చనిపోయినవారికి ఆ సవరణ యెట్లు చేరును?

ఆ కష్టకాలముననే కేరళములో ఒక క్రొత్త దారి తెరవబడెను. కాలికట్టు ప్రభుత్వ వైద్యకళాశాలలో శస్త్రచికిత్సకు మత్తిచ్చు వైద్యుడు డాక్టరు ఎం. ఆర్. రాజగోపాల్. తన జీవితమును మార్చిన సంఘటనను ఆయనే పలుమారులు చెప్పియున్నారు. కాన్సరుతో బాధపడు కళాశాల అధ్యాపకు డొకడు ఆయనయొద్దకు రాగా, సూదిమందుతో నరమును మొద్దుబరచి నొప్పి పోగొట్టిరి. మరల ఎప్పుడు రావలెనని రోగి యడిగెను. రానక్కరలేదు, నొప్పి పోయినది గదా, రోగమునకు చికిత్స లేదని డాక్టరుగారు చెప్పిరి. ఆ రోగి యింటికిపోయి ఆ రాత్రియే తన ప్రాణము తాను తీసికొనెను. తన రోగము కుదురనిదని అతనికి అంతవరకు ఎవరును చెప్పియుండలేదు. నొప్పి పోయినది, మనిషి పోయెను. నేనొక నరమునకు చికిత్స చేసితిని గాని మనిషికి చేయలేదని రాజగోపాల్‌గారు గ్రహించిరి. తన తప్పును దాచక లోకమునకు చెప్పుకొను వైద్యులు అరుదు. ఆయనను నేను గౌరవించుటకు మొదటి కారణమదియే.

1993లో ఆయనయు, డాక్టరు సురేశ్ కుమార్‌గారును, మరికొందరు మిత్రులును కలిసి కాలికట్టులో నొప్పి నివారణ ఉపశమన సేవా సంఘమును స్థాపించిరి. చిన్న గది, తక్కువ ధనము. మార్ఫియాను అక్కడనే బిళ్లలుగను ద్రావకముగను చేయించి, బీదలకు ఉచితముగ నిచ్చిరి. కాని దూరగ్రామముల రోగులు మంచము దిగి రాలేరు. అప్పుడు వారు పొరుగువారిని పిలిచిరి. 2000 ప్రాంతమునుండి మలప్పురము మొదలగు జిల్లాలలో, వారమునకు కనీసము రెండు గంటలు ఈయగలవారిని చేర్చుకొని, పుండు కడుగుట, పడక మార్చుట, రోగి మాట వినుట నేర్పిరి. వారిలో ఆటోవాడు, బడిపంతులు, దుకాణదారుడు, గృహిణి, కాలేజి విద్యార్థి అందరు నుండిరి. హిందువులు, ముసల్మానులు, క్రైస్తవులు ఒకే బండిలో రోగుల ఇండ్లకు పోయిరి. ధనమును గొప్పవారిని యాచించక, ఎక్కువమందివద్ద చిన్న చిన్న మొత్తములుగ వసూలుచేసిరి. రోగి కుటుంబమునకు బియ్యము లేకున్న బియ్యము, బడి మానిన పిల్లవానికి పుస్తకములు నిచ్చిరి. సంపూర్ణవేదనకు ఇది సరియైన మందుగా నాకు తోచుచున్నది.

వారు కాన్సరు రోగులను మాత్రమే చూడలేదు. పక్షవాతము తగిలినవారు, గుండె బలహీనమై ఆయాసపడువారు, మూత్రపిండములు చెడినవారు, మతి తప్పిన వృద్ధులు, ఇట్లు ఏండ్ల తరబడి లేవజాలనివారందరును వారి రోగులైరి. కేరళములో కొబ్బరిచెట్టెక్కి పడి వెన్నెముక విరిగి నడుము క్రింద చచ్చుబడిన పనివారు చాలమంది. వారిలో వయస్సువారే ఎక్కువ. వారికి మార్ఫియాకంటె వీపున పడకపుండు పడకుండ చూచుట, మూత్రపు గొట్టము మార్చుట, కూర్చుండి చేయదగిన పని నేర్పుట ముఖ్యము. కొబ్బరి తోటలలో పనిచేసిన మన కుటుంబములకు ఈ సంగతి అక్కరకు వచ్చునని వ్రాయుచున్నాను. 2008లో కేరళ ప్రభుత్వము ఈ సేవను తన ఆరోగ్య విధానములో చేర్చుకొనెను. తరువాత పంచాయతీల నర్సులు ఇండ్లకు వచ్చుట మొదలిడిరి.

మన తెలుగునాట 2006లో హైదరాబాదులోని ఎం. ఎన్. జె. కాన్సరు ఆసుపత్రిలో ఉపశమన సేవ మొదలయ్యెను. డాక్టరు గాయత్రీ పాలత్‌గారు దానికి పాటుపడినవారిలో ముఖ్యులు. ఆ తరువాత తెలంగాణములో జిల్లా కేంద్రములకును ఈ సేవ ప్రాకినది. మలేసియాలో 1991లో కౌలాలంపూరున హాస్పిస్ మలేసియా యను సంస్థ ఏర్పడి, ఆ నగరమునందును చుట్టుప్రక్కలను రోగుల ఇండ్లకు నర్సులను ఉచితముగ పంపుచున్నది. మరుసటి యేడు పినాంగులోను ఇట్టి గృహసేవ మొదలయ్యెను. 2019లో ప్రభుత్వము ఉపశమన సేవకు జాతీయ విధానము ప్రకటించెను. పట్టణములకు దూరమైన తోటలకు ఇది యింకను చాలినంతగా చేరలేదు. లోకమంతట ఏటేట 5 కోట్ల 68 లక్షల మందికి ఈ సేవ అవసరమనియు, నూటికి సుమారు 14 మందికే అందుచున్నదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

డాక్టరు సాండర్సు 2005లో, ఎనుబదియేడవ యేట, కాన్సరు రోగముతో తాను కట్టించిన సెయింట్ క్రిస్టఫర్ గృహముననే కన్నుమూసెను.

కడపట మన ఇండ్లలో తరచుగ వినవచ్చు రెండు సందేహములను గూర్చి వ్రాసి విరమింతును. మార్ఫియా ఇచ్చినారనిన ఇక చావు వచ్చినట్లే యని మనవారు రోగికి దానిని త్రాగనీయరు. వైద్యుడు కొలిచి యిచ్చిన మోతాదు చావును తొందరపెట్టదు. మొదటి కొన్నిదినములు మగత, వికారము కలుగవచ్చును. సాధారణముగ అవి పోవును. మలబద్ధకము మాత్రము పోదు. అందుచేత మార్ఫియాతో కూడ విరేచనమునకు మందును మొదటి దినమునుండియే ఇత్తురు. ఈయకున్న అడుగవలెను. రెండవది: నిన్న నొప్పి లేదు గనుక నేడు మందెందుకని ఒక పూట మానివేయుదురు. నొప్పి లేకపోవుటకు కారణము నిన్నటి మందే. మోతాదు తగ్గించుట, పెంచుట, మానుట వైద్యుని నడిగియే చేయవలెను; ఒకరికి వ్రాసిన మందును మరియొకరికి ఈయరాదు; సీసాను పిల్లల కందనిచోట నుంచవలెను.

పెద్దాసుపత్రిలో ఆ పాతమాట మరల వినబడినయెడల, కోపపడక, ఏడ్వక, కొన్ని ప్రశ్నలు వేయుడు. నొప్పికి ఏ మందు, ఏ గంటకు ఇయ్యవలెను? నడుమ నొప్పి వచ్చిన ఎంత ఎక్కువ ఈయవచ్చును? రాత్రివేళ ఎవరికి ఫోను చేయవలెను? ఇంటికి వచ్చు నర్సు ఎవరైన గలరా? వారు చెప్పినదానిని పెద్ద అక్షరములతో కాగితముపై వ్రాయించుకొని, మంచము తలవైపు గోడకు అంటింపుడు. తెల్లవారకముందే పనికి పోవువారును, పగలు రోగివద్ద నుండువారును, ఇద్దరును దానిని చూచి మందిత్తురు.